గోడ మీదికి ఏది రావాలి? ప్రదర్శన కూర్చడం నేర్చుకుంటున్న విద్యార్థుల ప్రశ్నలకు జవాబులు

ఈ నెల శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే విషయం చుట్టూ తిరిగాయి. కళాచరిత్ర చదివే విద్యార్థులకు, పాఠ్యక్రమంలో భాగంగా, ఒక కళా మ్యూజియంలో నిజమైన ప్రదర్శన కూర్చే పని అప్పగించడం గురించి విద్యార్థులూ అధ్యాపకులూ రాశారు. అందువల్ల మిగతా ప్రశ్నలను వచ్చే సంచికకు ఉంచి, ఈసారి చోటంతా వీటికే ఇస్తున్నాను.

ప్రశ్న: మేము పన్నెండు మందిమి కళాచరిత్రలో ఎం.ఏ. రెండో సంవత్సరం చదువుతున్నాం. మా విశ్వవిద్యాలయ మ్యూజియం తన నిల్వలో ఉన్న చిత్రాలతో ఒక ప్రదర్శన కూర్చే అవకాశం మాకు ఇచ్చింది. ‘ప్రకృతి, మనిషి’ అనే అంశాన్ని ఎంచుకున్నాం. దానికి సరిపోయే చిత్రాలు వెతికితే 140 తేలాయి. గదిలో పాతికకు మించి పట్టవు. ఏ ప్రాతిపదిక మీద తగ్గించాలో తోచడం లేదు.

జవాబు: నూట నలభై చిత్రాలు సరిపోయాయంటేనే మీ అంశం దేన్నీ కాదనడం లేదని అర్థం. చెట్టు గీసిన ప్రతి చిత్రకారుడూ ప్రకృతి కిందికి వస్తాడు, ముఖం గీసిన ప్రతివాడూ మనిషి కిందికి వస్తాడు. ఇక మిగిలేది ఎవరు? ఇటువంటి అంశంతో మొదలుపెట్టినవారు చివరికి అందమైన పాతిక చిత్రాలను ఏరి వరసగా తగిలిస్తారు. చూసేవారు వాటిని మెచ్చుకుంటారు కానీ, ఇవే ఎందుకు ఇక్కడ ఉన్నాయో తెలియకుండానే వెళ్లిపోతారు.

కాబట్టి ఆ జాబితాను కొన్నాళ్లు పక్కన పెట్టండి. మ్యూజియం రిజిస్ట్రార్ (వస్తువుల జాబితా, రాకపోకలు చూసే అధికారి) అనుమతి తీసుకుని నిల్వ గదిలోకి వెళ్లి, ఒక్కొక్కరు ఒక్కొక్క చిత్రం ముందు కనీసం అరగంట కూర్చోండి. కంప్యూటర్ తెర మీద అరచేయంత ముద్రణచిత్రమూ నిలువెత్తు తైలవర్ణ చిత్రమూ ఒకే పరిమాణంలో కనిపిస్తాయి. రంగు ఎంత మందంగా పడిందో, కాగితం ఎక్కడ నలిగిందో, చట్రం వెనక ఏ వ్యాపారి ముద్ర ఉందో, ఏ పాత ప్రదర్శన తాలూకు చీటీ అంటుకుని ఉందో తెర చెప్పదు. వెనక వైపు కూడా చూపించమని అడగడం మరచిపోకండి. పరిశోధనకు పనికొచ్చే ఆధారాలు చాలాసార్లు అక్కడే దొరుకుతాయి.

అలా చూస్తున్నప్పుడు మీలో ఎవరికో ఒక సందేహం కలుగుతుంది. ఉదాహరణకు, మీ నిల్వలో ఉన్న దృశ్యచిత్రాల్లో దున్నిన పొలాలు పదిహేను దాకా ఉన్నాయనుకుందాం. వాటిలో దున్నుతున్న మనిషి ఒక్క చిత్రంలోనూ లేడని ఒకరు గమనించారనుకుందాం. చాళ్లు ఉన్నాయి, కంచె ఉంది, కోసిన పంట కుప్పగా ఉంది, కానీ ఆ పని చేసినవారు లేరు. వారిని ఎవరు తీసేశారు, ఆ చిత్రాలను కొన్నవారు ఏమి చూడదలచుకున్నారు, పనిచేసేవారిని గీసిన చిత్రకారులు ఎప్పుడు, ఎందుకు గీశారు అనే ప్రశ్న అక్కడ పుడుతుంది. ఇదీ ప్రదర్శనకు పునాది కాగల ప్రశ్న. ఇక ప్రతి చిత్రాన్నీ ఆ ప్రశ్న ముందు నిలబెట్టండి. దానికి జవాబు చెప్పేదీ, ఆ జవాబుతో విభేదించేదీ లోపలికి వస్తాయి. ఏమీ చెప్పనిది ఎంత అందంగా ఉన్నా నిల్వ గదిలోనే ఉంటుంది. విభేదించే చిత్రాన్ని కావాలనే ఉంచండి. మీ వాదానికి అడ్డు తగిలే రెండు మూడు చిత్రాలు గదిలో ఉంటేనే చూసేవారు తమంతట తాము ఆలోచించగలుగుతారు.

చిత్రాలను పక్కపక్కన పెట్టడంలోనే క్యూరేటర్, అంటే ప్రదర్శన కూర్చేవారు, మాట్లాడతారని చెప్పడానికి 1992లో అమెరికాలోని బాల్టిమోర్ నగరంలో జరిగిన ఒక ప్రదర్శనను మించిన ఉదాహరణ నాకు తెలియదు. ఫ్రెడ్ విల్సన్ అనే కళాకారుడు మేరీలాండ్ హిస్టారికల్ సొసైటీ నిల్వల్లో ఉన్న వస్తువులనే తీసి తిరిగి అమర్చారు. ఒక అద్దాల పెట్టెలో నగిషీ చెక్కిన వెండి పాత్రల నడుమ బానిసలకు వేసిన ఇనుప సంకెళ్లను ఉంచారు. లేబుల్ మీద ‘లోహపు పని, 1793–1880’ అని మాత్రమే ఉంది. వెండి పాత్రలూ, సంకెళ్లూ అంతకుముందు కూడా ఆ భవనంలోనే ఉన్నాయి. వాటిని కలిపి చూపినవారే లేరు. ఒక్క ఆరోపణ వాక్యం కూడా రాయకుండా, ఆ పాత్రలు ఎవరి శ్రమ మీద నిలిచిన ఇళ్లలో మెరిశాయో ఆ పెట్టె చెప్పేసింది. మీ పాతిక చిత్రాలతో ఇంత పెద్ద మాట చెప్పాలని నేను అనడం లేదు. ఏ చిత్రం పక్కన ఏది ఉంటే రెండింటిలోనూ కొత్తది కనిపిస్తుందో వెతకడమే మీ పని అని గుర్తించమంటున్నాను.

ఇక చిత్రాలు గదిలో పట్టడం విషయం. గది పటాన్ని ఒకటికి ఇరవై నిష్పత్తిలో గీసి, అట్టతో చిన్న నమూనా చేసి, చిత్రాల చిన్న నకళ్లను అదే కొలతలో కత్తిరించి అంటించి చూడండి. లెక్క సులువే. ఎనిమిది మీటర్ల గోడ మీద సగటున 60 సెంటీమీటర్ల వెడల్పున్న ఏడు చిత్రాలు పెడితే 420 సెంటీమీటర్లు పోతాయి. మిగిలిన 380 సెంటీమీటర్లను ఎనిమిది ఖాళీలకు పంచితే ఒక్కొక్కటి నలభై ఏడున్నర సెంటీమీటర్లు వస్తుంది. లేబుళ్లు కూడా ఆ ఖాళీల్లోనే ఇమడాలి. ఈ నమూనా ముందు కూర్చున్నాక పాతికలో ఇంకో నాలుగు తగ్గించాలని మీకే అనిపిస్తుంది.

ప్రశ్న: నేను అధ్యాపకుడిని. వచ్చే విద్యాసంవత్సరంలో మొదటిసారి ఇటువంటి కోర్సు చెప్పబోతున్నాను. చివరి నిర్ణయాలన్నీ నా చేతిలో ఉంచుకుంటే విద్యార్థులు నేర్చుకునేది ఏమీ ఉండదు. అంతా వాళ్లకే వదిలేస్తే మ్యూజియం వారు ఒప్పుకోరు. ఎక్కడ గీత గీయాలి?

జవాబు: మీకంటే వందేళ్ల ముందే ఈ ప్రశ్నను ఎదుర్కొన్నవారున్నారు. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో పాల్ సాక్స్ 1921 ప్రాంతంలో మ్యూజియం పని గురించి ఒక కోర్సు మొదలుపెట్టారు. కుటుంబపు బ్యాంకు వ్యాపారం వదులుకుని ఆ విశ్వవిద్యాలయానికే చెందిన ఫాగ్ కళా మ్యూజియానికి వచ్చినవారాయన. విద్యార్థులను తన ఇంటికి పిలిచి, స్వయంగా సేకరించిన చిత్రాలను, చిన్న శిల్పాలను వారి చేతికిచ్చి చూడమనేవారు. కొనుగోళ్లు ఎలా జరుగుతాయి, దాతలతో ఎలా మాట్లాడాలి, పరిపాలన ఎలా నడుస్తుంది అన్నవి కూడా ఆ పాఠంలో భాగాలే. అక్కడ చదివిన ఆల్ఫ్రెడ్ బార్ 1929లో న్యూయార్క్‌లో మొదలైన మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌కు తొలి డైరెక్టర్ అయ్యారు. అప్పటికి ఆయన వయసు ఇరవై ఏడేళ్లు.

నాకు అంతకంటే ఇష్టమైన ఉదంతం మరొకటి ఉంది. అదే హార్వర్డ్‌లో లింకన్ కర్‌స్టీన్, ఎడ్వర్డ్ వార్‌బర్గ్, జాన్ వాకర్ అనే ముగ్గురు డిగ్రీ విద్యార్థులు కలిసి సమకాలీన కళ కోసం ఒక సంఘం పెట్టి, విద్యార్థుల సహకార దుకాణం పైన ఉన్న గదులు తీసుకుని 1929 ఫిబ్రవరిలో ప్రదర్శనలు మొదలుపెట్టారు. మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్ తలుపులు తెరుచుకున్నది ఆ ఏడాది నవంబరులో. అంటే ఆ పెద్ద సంస్థ కంటే విద్యార్థులే కొన్ని నెలలు ముందున్నారు. శిల్పి అలెగ్జాండర్ కాల్డర్ తీగ బొమ్మలను, జర్మనీలోని బౌహౌస్ కళాశాల పనిని అక్కడ చూపారు. ఈ సాహసానికి పెద్దల అండ లేకపోలేదు. సాక్స్ వంటివారు వెనక ఉన్నారు. కానీ ఏమి చూపాలన్నది ఆ కుర్రవాళ్లే నిర్ణయించారు.

కాబట్టి గీత ఇక్కడ గీయమని నా సలహా. అంశం, ఎంపిక, వరస, గోడ రంగు, లేబుల్‌లోని మాట విద్యార్థులవి. వస్తువును ముట్టుకోవడం, వెలుగు పరిమితి, బీమా, గోడకు తగిలించే పద్ధతి మ్యూజియం సిబ్బందివి. వీటిలో విద్యార్థుల ఓటుకు చోటు లేదని మొదటి రోజే చెప్పండి. ఎందుకు లేదో వివరించే బాధ్యత మాత్రం సిబ్బంది తీసుకోవాలి. చిత్రాలు పాడవకుండా చూసే పరిరక్షకులు ‘వద్దు’ అని ఊరుకోకుండా కారణం చెబితే అదే ఒక మంచి పాఠం అవుతుంది. విద్యార్థుల ఎంపిక మీకు నచ్చకపోయినా, అది వస్తువుకు హాని చేయనంతవరకు, నిలబడనివ్వండి. మీ అభ్యంతరాన్ని కాగితం మీద రాసి ఇవ్వండి, వారు రాతలోనే జవాబు చెప్పాలి. చివర్లో అధ్యాపకుడు వచ్చి నాలుగు చిత్రాలు మార్చేస్తే, ఆ కోర్సు అంతకుముందు చెప్పిందంతా అబద్ధమైపోతుంది.

కాలం విషయంలో నాకు ఆందోళన ఉంది. మ్యూజియాలు ఒక ప్రదర్శనను ఏడాది, రెండేళ్ల ముందే తలపెడతాయి. సెమిస్టర్‌లో దొరికేవి పదిహేను పదహారు వారాలు. ఇతర సంస్థల నుంచి ఒక్క చిత్రం అరువు అడగాలన్నా ఆరు నెలల నుంచి ఏడాది ముందు ఉత్తరం వెళ్లాలి. వీలైతే రెండు సెమిస్టర్లు తీసుకోండి, మొదటిది చూడడానికీ పరిశోధనకూ, రెండోది రాయడానికీ అమర్చడానికీ. ఒక్క సెమిస్టరే ఉంటే అరువుల ఊసెత్తకండి, సొంత నిల్వతోనే సరిపెట్టుకోండి, ఐదో వారం ముగిసేసరికి జాబితా ఖరారు చేయండి. మార్కులు వేసేటప్పుడు గోడ మీదికి వచ్చిన చిత్రాలతో పాటు, తీసేసిన చిత్రాల జాబితానూ, ఒక్కొక్కదాన్ని తీసేసిన కారణాన్నీ అడిగి చూడండి. విద్యార్థి ఎంత ఆలోచించాడో ఆ రెండో కాగితం బాగా చూపిస్తుంది.

ప్రశ్న: ఒక చెక్కుడు ముద్రణచిత్రం (లోహపు రేకు మీద గీతలు చెక్కి, సిరా పూసి కాగితం మీద అచ్చువేసిన బొమ్మ) మీద మూడు నెలలు పరిశోధన చేసి 250 పదాల లేబుల్ రాశాను. మ్యూజియం వారు దాన్ని 60 పదాలకు కుదించమన్నారు. చదవగలిగినవారు చదువుతారు కదా, చదవనివారి కోసం నా పనిని ఎందుకు కత్తిరించాలి?

జవాబు: మీ బాధ నాకు తెలుసు, అయినా మ్యూజియం వారి పక్షమే నాది. న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో సందర్శకులను గమనించి జెఫ్రీ స్మిత్, లిసా స్మిత్ 2001లో ప్రచురించిన అధ్యయనంలో, ఒక్కో కళాఖండం ముందు గడిపిన సగటు సమయం 27 సెకన్లు. సగం సందర్భాల్లో 17 సెకన్లు కూడా దాటలేదు. ఆ కాస్త సమయంలోనే లేబుల్ చదవడమూ ఉంది. మీ 250 పదాలు చదవడానికి రెండు నిమిషాలు పడుతుందనుకుంటే, అంతసేపూ చూపు మీ మాటల మీదే ఉంటుంది, చిత్రం పక్కన ఒంటరిగా నిలబడి ఉంటుంది. మీరు మూడు నెలలు ప్రేమించిన చిత్రానికి అది న్యాయమేనా?

మంచి లేబుల్ చదువరి కళ్లను తిరిగి చిత్రం మీదికి పంపుతుంది. చాలామంది విద్యార్థులు ఇటువంటి వాక్యంతో మొదలుపెడతారు: ‘ఈ చిత్రంలో కళాకారుడు వెలుగునీడలను అద్భుతంగా ఉపయోగించి సామాన్య జీవన సారాన్ని ఆవిష్కరించాడు.’ ఈ మాటను తీసుకెళ్లి ఏ చిత్రం పక్కన అంటించినా అతుకుతుంది. అందుకే అది దేనికీ పనికిరాదు. మీ చెక్కుడు చిత్రంలో కిటికీ పక్కన కూర్చున్న స్త్రీ ఉందనుకుని నేనొకటి రాసి చూపిస్తాను: ‘ఆమె చేతుల వైపు చూడండి. ముఖం మీద పడని వెలుగు అక్కడ పడింది. రాగి రేకు మీద చిత్రకారుడు ఆ ఒక్క చోటును గీతలు లేకుండా వదిలేశాడు. మనకు వెలుగుగా కనిపిస్తున్నది సిరా అంటని కాగితం.’ ఇది ముప్పై పదాలు కూడా లేదు. అయినా చదివినవారు చేతుల వైపు చూస్తారు, రాగి రేకు చెక్కడం అంటే ఏమిటో కొంత తెలుసుకుంటారు, మరో చిత్రంలోని తెల్లని చోటును కూడా అనుమానంగా చూస్తారు.

మీ పరిశోధన వృథా కాదు. అందులో వ్యాసానికి వెళ్లేది వ్యాసానికి, కరపత్రానికి వెళ్లేది కరపత్రానికి, మ్యూజియం దస్త్రానికి వెళ్లేది దస్త్రానికి వెళుతుంది. రాసిన లేబుల్‌ను ఈ విషయం తెలియని ఒకరికి ఇచ్చి, చిత్రం ముందు నిలబెట్టి, బిగ్గరగా చదవమనండి. వారు ఎక్కడ తడబడ్డారో అక్కడ మీ వాక్యం బాగాలేదు. కళాకారుడి పేరు, శీర్షిక, సంవత్సరం, మాధ్యమం, మ్యూజియానికి ఎలా చేరిందన్న వాక్యం, వీటి క్రమమూ విరామచిహ్నాలూ గదిలోని అన్ని లేబుళ్లలోనూ ఒకేలా ఉండాలి. కొలతలు ఇస్తే ఎత్తు ముందు, వెడల్పు తరువాత రావడం ఆనవాయితీ.

గోడ మీది మాటకు ఎంత బలముందో గుర్తుంచుకోవడానికి ఒక చీకటి ఉదాహరణ చెప్పక తప్పదు. 1937లో మ్యూనిక్‌లో నాజీ ప్రభుత్వం, జర్మన్ మ్యూజియాల నుంచి లాక్కున్న 600కు పైగా ఆధునిక కళాఖండాలను ‘భ్రష్ట కళ’ అన్న పేరుతో చూపించింది. వాటిని కిక్కిరిసేలా తగిలించి, పక్కన ఎగతాళి వాక్యాలు రాసి, ప్రజల పన్నుల డబ్బుతో ఎంత పెట్టి కొన్నారో ధరలు కూడా వేశారు. ఈ రోజు అవే కళాకారుల పనులు గౌరవంగా వేలాడుతున్నాయి. చిత్రాలు మారలేదు, వాటి చుట్టూ ఉన్న మాటలూ, ఖాళీ జాగా మారాయి. అరవై పదాలు రాసే అధికారం చిన్నదేమీ కాదు.

ప్రశ్న: మేము ఎంచుకున్న నీటి రంగుల చిత్రాన్ని మూడు నెలలకు మించి ఉంచకూడదని, అదీ మసక వెలుతురులోనే చూపాలని పరిరక్షకురాలు పట్టుబట్టారు. గది చీకటిగా ఉంటే ఎవరు వస్తారు?

జవాబు: వెలుగు చేసే హాని మానదు, విశ్రాంతి ఇచ్చినా చిత్రం తిరిగి కోలుకోదు. రంగు ఒకసారి వెలిసిందంటే ఏ చికిత్సా దాన్ని వెనక్కి తేలేదు. కాగితం మీది చిత్రాలకు, వస్త్రాలకు 50 లక్స్ (వెలుగును కొలిచే ప్రమాణం) వరకు, తైలవర్ణ చిత్రాలకు 200 లక్స్ వరకు అన్నది మ్యూజియాల్లో చాలాకాలంగా పాటిస్తున్న కొలత. వెలుగు తీవ్రతను సమయంతో గుణించి లెక్కించండి. రోజుకు ఎనిమిది గంటల చొప్పున 90 రోజులు 50 లక్స్ కింద ఉంచితే 36,000 లక్స్ గంటలు అవుతాయి. నేరుగా పడే ఎండ 50,000 లక్స్‌ను సులువుగా దాటుతుంది. అంటే కిటికీలోంచి ఒక్క గంట పడిన ఎండ మీ మూడు నెలల ప్రదర్శన మొత్తాన్నీ మించిపోతుంది. అందుకే ఇటువంటి చిత్రాలను కొన్ని నెలలు చూపి, తరువాత కొన్నేళ్లు చీకటిలో ఉంచుతారు. మీ తరువాత యాభై ఏళ్లకు పుట్టే విద్యార్థి కూడా ఆ నీలాన్ని నీలంగానే చూడాలని ఆమె అడుగుతున్నారు. ఆమెతో వాదించకండి.

ఇక మసకదనం గురించి: మనిషి కన్ను సర్దుకుంటుంది, కాస్త సమయం ఇస్తే చాలు. బయటి వెలుతురు నుంచి నేరుగా ఆ గదిలోకి రాకుండా, మధ్యలో వెలుగు క్రమంగా తగ్గే దారి ఒకటి ఏర్పాటు చేయండి. గోడకు మరీ తెలుపు వేయకండి, లేకపోతే దాని పక్కన చిత్రం ఇంకా మసకగా కనిపిస్తుంది. లేబుల్ అక్షరాలు మాత్రం పెద్దవిగా, నేపథ్యానికి భిన్నమైన రంగులో ఉండాలి.

నేను విద్యార్థిగా పాల్గొన్న మొదటి ప్రదర్శనలో, పాత అట్ట చట్రంలో ఉన్న ఒక చిత్రాన్ని అలాగే తగిలిద్దామని నేనే పట్టుబట్టాను, ఆ చట్రం అందంగా ఉందని. పరిరక్షకులు దాన్ని విప్పి చూపించినప్పుడు, నాసిరకం అట్టలోని ఆమ్లం కాగితం అంచు చుట్టూ గోధుమరంగు గీతను కాల్చి వదిలి ఉంది. ఎన్నో ఏళ్లుగా అందరి కళ్ల ముందే జరిగిన హాని అది. ఆ రోజు నుంచి నేను చట్రాన్ని మెచ్చుకునే ముందు లోపల ఏ అట్ట ఉందని అడుగుతున్నాను.

ప్రశ్న: పన్నెండు మందికి పన్నెండు అభిప్రాయాలు. ఓటు వేసి తేల్చుకోవచ్చా?

జవాబు: ఎంపికకు ఓటు వద్దు. ఓటుతో గెలిచేవి ఎవరికీ అభ్యంతరం లేని చిత్రాలు. ఒకరిద్దరు గాఢంగా నమ్మిన విచిత్రమైన చిత్రం మొదటి లెక్కింపులోనే రాలిపోతుంది, తరచుగా ప్రదర్శనకు ప్రాణం పోసేది అదే. చిత్రం ముందు నిలబడి, దాన్ని కోరుకునేవారు దాని తరఫున మాట్లాడాలి. వద్దనేవారు అది లేకపోతే ప్రదర్శన ఏమి కోల్పోతుందో కూడా చెప్పాలి. రెండో షరతు పెట్టాక సగం తగాదాలు తగ్గిపోతాయి. పనులను మాత్రం పంచుకోండి: జాబితాను ఒక్కరే చూసుకోవాలి, రిజిస్ట్రార్‌తో ఒక్కరే మాట్లాడాలి, లేబుళ్లన్నీ చివరికి ఒక్కరి కలం కిందికి రావాలి. పన్నెండు గొంతుకలతో రాసిన గోడను చదవడం చాలా కష్టం.

ప్రశ్న: మా జాబితాలోని ఒక రేఖాచిత్రం 1920ల్లో ఐరోపాలో ఒక వ్యాపారి దగ్గర ఉన్నట్టు వెనక ముద్ర ఉంది. 1950ల చివర్లో మా మ్యూజియానికి కానుకగా వచ్చింది. మధ్య కాలం గురించి దస్త్రంలో ఒక్క ముక్క లేదు. దీన్ని చూపవచ్చా?

జవాబు: మీరు ఆ ఖాళీని గమనించినందుకు అభినందనలు. 1933 నుంచి 1945 వరకు నాజీల కాలంలో యూదు కుటుంబాల నుంచి లెక్కలేనన్ని కళాఖండాలను లాక్కున్నారు, బలవంతంగా అమ్మించారు. ఆ సంవత్సరాలు ఖాళీగా ఉన్న ప్రతి యాజమాన్య చరిత్రనూ శ్రద్ధగా చూడడం మ్యూజియాల బాధ్యత. 1998లో వాషింగ్టన్‌లో 44 దేశాలు అంగీకరించిన సూత్రాలు, అటువంటి కళాఖండాలను గుర్తించి, మునుపటి యజమానులతో లేదా వారసులతో న్యాయమైన పరిష్కారానికి రావాలని కోరాయి. ప్రాచీన వస్తువుల విషయంలో అక్రమ రవాణాను అరికట్టేందుకు యునెస్కో 1970లో చేసిన ఒప్పందం కూడా ఇటువంటి గీటురాయే.

ఖాళీ ఉన్నంతమాత్రాన నేరం జరిగినట్టు కాదు. యుద్ధంలో కాగితాలు కాలిపోయి ఉండవచ్చు, కుటుంబంలో చేతులు మారి ఉండవచ్చు. కానీ మీ అంతట మీరు నిర్ణయానికి రాకుండా ముందు రిజిస్ట్రార్‌కు రాతపూర్వకంగా తెలియజేయండి. తరువాత దాత దస్త్రం, ఆ కాలపు వేలం జాబితాలు, వ్యాపారి ముద్ర, పోయిన కళాఖండాల బహిరంగ సమాచార నిధులు, ఈ క్రమంలో వెతకండి. మ్యూజియం చూపడానికి ఒప్పుకుంటే, లేబుల్‌లో తెలిసిన యజమానులను వరసగా రాసి, తెలియని సంవత్సరాలను ఖాళీగానే చూపించండి. ఒప్పుకోకపోతే ఆ నిర్ణయాన్ని గౌరవించి వేరే చిత్రం తీసుకోండి, కానీ పరిశోధన మానకండి. నిజానికి మీ కోర్సు మొత్తంలో అన్నిటికంటే విలువైన పని ఇదే కావచ్చు.

ప్రశ్న: మ్యూజియం సొంత చిత్రమే కదా, పోస్టరు మీద వేయడానికి ఇంకెవరి అనుమతి ఎందుకు?

జవాబు: చిత్రాన్ని కొన్నవారికి కాన్వాసు దక్కుతుంది, నకలు వేసే హక్కు దక్కదు. విడిగా రాసి ఇస్తే తప్ప ఆ హక్కు కళాకారుడికే, ఆ తరువాత వారసులకే ఉంటుంది. చాలా దేశాల్లో అది మరణానంతరం 50 నుంచి 70 సంవత్సరాల వరకు కొనసాగుతుంది. ముద్రణకు ఇచ్చే ముందు అడగండి. బొమ్మను కత్తిరించి వేస్తున్నా, దాని మీద అక్షరాలు వేస్తున్నా అదీ చెప్పి అడగండి.

ప్రశ్న: చిత్రాలను ఎంత ఎత్తులో తగిలించాలి?

జవాబు: చిత్రం నడిమధ్య నేల నుంచి 145 నుంచి 155 సెంటీమీటర్ల మధ్య ఉండేలా చూస్తారు. గదిలో అన్నింటికీ ఒకే మధ్యరేఖ పాటిస్తే చిన్నవీ పెద్దవీ కలిసిపోతాయి. చక్రాల కుర్చీలో కూర్చుని, పిల్లల ఎత్తుకు వంగి కూడా చూసి నిర్ణయించండి; అద్దాల పెట్టెల మధ్య దారి 90 సెంటీమీటర్ల కంటే ఇరుకు కాకూడదు. బోస్టన్ మ్యూజియం ఆఫ్ ఫైన్ ఆర్ట్స్‌లో పనిచేసిన బెంజమిన్ గిల్‌మన్ 1916లోనే, కింది అరల్లోని వస్తువులు చూడడానికి ఒక మనిషి ఎన్ని రకాలుగా వంగి, కూర్చుని, మెడ తిప్పాల్సి వస్తోందో ఫొటోలు తీసి చూపించి, దాన్ని మ్యూజియం అలసట అన్నారు. ఆ ఫొటోలను మీ తరగతిలో చూపమని అధ్యాపకులను కోరుతున్నాను. అలాగే, తగిలించాక చిత్రం పైభాగం పైనే ఉందో లేదో దస్త్రంతో సరిచూడండి. 1961లో మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌లో ఫ్రెంచి చిత్రకారుడు మతీస్ రంగు కాగితాలు కత్తిరించి చేసిన పడవ చిత్రం 47 రోజులు తలకిందులుగా వేలాడింది. దాన్ని పట్టుకున్నది ఒక సందర్శకురాలు. అంత అనుభవమున్న చోటే జరిగినప్పుడు మనం ఇంకోసారి చూసుకోవడంలో తప్పులేదు.

ప్రశ్న: మా ప్రదర్శన వచ్చే వారం ముగుస్తోంది. ఇక మా పని అయిపోయినట్టేనా?

జవాబు: దించడం కూడా ఎక్కించినంత జాగ్రత్తగా జరగాలి. మొదట్లో ప్రతి చిత్రానికీ రాసిన స్థితి నివేదికను చేతిలో పట్టుకుని, సిబ్బందితో కలిసి, మళ్లీ అదే వెలుగులో పరిశీలించండి. పాత గీతలు ఎన్ని, కొత్తవి ఏమైనా వచ్చాయా అన్నది చిత్రం గోడ దిగిన వెంటనే తేల్చాలి. చట్రాన్ని పైనుంచి పట్టి ఎత్తకూడదు, రెండు పక్కలా రెండు చేతులతో పట్టాలి. ప్రతి చిత్రం నిల్వలో తన పాత చోటికి చేరిందని, ఆ చోటు సంఖ్య మ్యూజియం జాబితాలో సరిగా నమోదైందని చూసుకున్నాకే తాళం వేయండి. తప్పు అరలో పెట్టిన చిత్రం పోయిన చిత్రంతో సమానం.

తరువాత మీ పరిశోధనను ఒక్కొక్క చిత్రం దస్త్రంలో చేర్చండి. కత్తిరించిన 250 పదాల లేబుల్, వెనక వైపు ముద్రల ఫొటోలు, మీరు రాసిన ఉత్తరాలు, వచ్చిన జవాబులు, దొరకని విషయాల జాబితా, తీసేసిన చిత్రాల కారణాలు, అన్నీ అందులోకి వెళ్లాలి. ఏది మీ ఊహో, ఏది పత్రంలో చూసిందో విడివిడిగా రాయండి. ప్రతి కాగితం మీదా తేదీ, మీ పేరు ఉండాలి. కొన్నేళ్ల తరువాత ఆ అర తెరిచే విద్యార్థికి, ఆ మాట ఎవరు, ఎప్పుడు అన్నారో తెలియాల్సి ఉంటుంది.